ఎముక ఒప్పుకుంటేనే పన్ను

ఊడిన పన్ను చోట ఇంప్లాంట్ అనే టైటానియం స్క్రూ బిగించడానికి డాక్టరుకు సాధారణంగా గంట కూడా పట్టదు. దాన్ని దవడ ఎముక తనలో కలుపుకోవడానికి నెలలు పడుతుంది. ఖర్చు నిలబడేదీ, నీళ్లపాలయ్యేదీ ఆ నెలల్లోనే. సూరత్‌లో సాంచాల (మరమగ్గాల) మీద బతుకుతున్న తెలుగు కుటుంబాలు ఆ కుర్చీలో కూర్చునే ముందు తెలుసుకోవాల్సిన సంగతులివి.

సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు వెళితే తెలుగు మాట చెవిన పడుతుంది. నల్గొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి నేత పనిని నమ్ముకుని దశాబ్దాల కిందట వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడే పిల్లల పెళ్లిళ్లు చేసి, మనవళ్లను ఎత్తుకున్నాయి. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. దసరా వస్తే బతుకమ్మ పేరుస్తారు. దేశానికి సింథటిక్ చీర కట్టించే ఈ నగరంలో మరమగ్గాల చప్పుడు వెనక తెలుగువాళ్ల చేతులు చాలా ఉన్నాయి.

సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు. నేసిన మీటర్లను బట్టి కూలి. పన్ను నొప్పి వస్తే ఓర్చుకుంటారు, మాత్ర వేసుకుంటారు. ఇక లాభం లేదనుకున్నాక పీకించుకుంటారు. రూట్ కెనాల్ అంటే మూడు నాలుగు సార్లు తిరగాలి, పీకించుకుంటే ఒక్క పూటతో పోతుంది. కూలి పోగొట్టుకోలేని మనిషి లెక్క అలాగే ఉంటుంది, దాన్ని తప్పుపట్టలేం. అలా నలభై ఏళ్లు దాటేసరికి దవడ పళ్లు రెండో మూడో పోయి, ఒక పక్కనే నములుతూ కాలం గడిపేవాళ్లున్నారు. ఈలోగా నగరమంతా ఇంప్లాంట్ బోర్డులు వెలిశాయి. చలికాలంలో పెళ్లిళ్లకు విదేశాల నుంచి వచ్చే గుజరాతీలు పనిలో పనిగా పళ్లు కూడా కట్టించుకుని వెళుతుంటారు. ‘మనమూ పెట్టించుకుందామా?’ అనే ప్రశ్న మన ఇళ్లలోకీ వచ్చింది. పెట్టించుకోవచ్చు. అయితే తెలిసి పెట్టించుకోవాలి.

ఖాళీ పెరుగుతుంది

పన్ను పోయిన చోటు ఎప్పటికీ అలాగే ఉండదు. దవడ ఎముక నమిలే ఒత్తిడి తగులుతుంటేనే నిలుస్తుంది. పన్ను తీసిన మొదటి మూడు నెలల్లో ఎముక వేగంగా అరుగుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ గట్టు వెడల్పు దాదాపు సగానికి తగ్గవచ్చు. పక్క పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి. ఎదురు దవడ పన్ను అడ్డం లేక కిందికో పైకో జరుగుతుంది. అయిదేళ్ల తర్వాత వెళితే ఒక పన్ను కోసం ముందు అరిగిన చోట ఎముక పొడి వేయించుకోవాల్సి రావచ్చు, ఆ ఖర్చు వేరు, ఆ ఆలస్యం వేరు. ఇంప్లాంట్ ఇప్పుడు వద్దనుకున్నా, పన్ను పీకించే రోజునే ‘తర్వాత దీని చోట ఏం చేయవచ్చు?’ అని డాక్టరును అడగాలి.

దారులు మూడున్నాయి. తీసి పెట్టుకునే పన్ను చవక, కానీ నమిలే బలం తక్కువ. పక్క పళ్ల మీద ఆనించి కట్టే బ్రిడ్జి రెండు మూడు వారాల్లో పూర్తవుతుంది, కానీ అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. ఆ పళ్లకు ముందే క్యాపులు అవసరమైతే బ్రిడ్జే సరైన ఎంపిక. పక్క పళ్లు చెక్కుచెదరకుండా ఉంటే ఇంప్లాంట్‌ది పైచేయి. ఏది మంచిదో మీ నోరు చూసి చెప్పాలి, బోర్డు చూసి కాదు.

కుందేలు కాలిలో దొరికిన వైద్యం

స్వీడన్‌లోని లుండ్‌లో 1952లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడాలని కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం లాంటి పరికరం అమర్చాడు. పరిశీలన అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని గట్టిగా పట్టేసుకుంది. గాలి తగలగానే టైటానియం పైన సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. శరీరం ఆ పొరతో గొడవ పడదు, ఎముక కణాలు దాన్ని ఆనుకునే పెరుగుతాయి.

1965లో గోథెన్‌బర్గ్‌లో ఆయన తొలి రోగికి కింది దవడలో ఇంప్లాంట్లు పెట్టాడు. ఆ రోగి పేరు గోస్టా లార్సన్. పుట్టుకతోనే దవడ లోపంతో తిండికి ఇబ్బంది పడిన మనిషి. 2006లో ఆయన చనిపోయే నాటికి కూడా, అంటే నలభై ఏళ్లు దాటాక కూడా ఆ పళ్లు పని చేస్తూనే ఉన్నాయి. వైద్యలోకం వెంటనే నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సదస్సులో ఏళ్ల తరబడి సేకరించిన ఫలితాలు ముందు పెట్టాకే ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఇవాళ ఆరోగ్యంగా ఉన్న నోట్లో జాగ్రత్తగా పెట్టిన ఇంప్లాంట్లలో నూటికి తొంభైకి పైగా పదేళ్ల తర్వాత కూడా నిలుస్తున్నాయి. ఆ లెక్కలో ‘ఆరోగ్యంగా ఉన్న నోరు’ అన్న షరతు చాలా పెద్దది.

ముందు చూడాల్సినవి

మొదటి రోజు పని కత్తితో ఉండదు, పరీక్షలతో ఉంటుంది. మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు కనిపిస్తుంది, మందం కనిపించదు. అందుకే సీబీసీటీ స్కాన్ తీస్తారు. కింది దవడలో పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం ఒకటి ఎముక లోపల నుంచి పోతుంది. పై దవడలో దవడ పళ్ల మీదే సైనస్ గది ఉంటుంది. ఇంప్లాంట్ సాధారణంగా మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల లావు, ఎనిమిది నుంచి పదమూడు మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. నరానికి తగలకుండా, సైనస్‌లోకి దూరకుండా ఏ సైజు పడుతుందో స్కానే చెబుతుంది. పై దవడలో చోటు చాలకపోతే సైనస్ అడుగును కొంచెం పైకి లేపి ఎముక పొడి నింపాల్సి వస్తుంది.

తర్వాతది షుగర్. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉంది. షుగర్ ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ కుదరదని కాదు, అదుపులో లేని షుగరే శత్రువు. ఆ పొద్దున చేసిన పరీక్ష చాలదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించాలి. అది ఎనిమిది దాటి ఉంటే ముందు షుగర్ డాక్టరు దగ్గరికి, తర్వాత పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం మేలు.

రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఆ మాట దాచకూడదు, తమంతట తాము ఆపనూ కూడదు. ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు, ఇంజెక్షన్లు తీసుకునే పెద్దవాళ్లు, తలకూ మెడకూ రేడియేషన్ చికిత్స అయినవాళ్లు తప్పకుండా చెప్పాలి, వాళ్లకు దవడ ఎముక మానడంలో ప్రమాదం ఉంటుంది. ఎముక ఎదుగుదల పూర్తికాని పిల్లలకు ఇంప్లాంట్ పెట్టరు. చిగుళ్ల నుంచి రక్తం, చీము వస్తున్న నోట్లో పెట్టకూడదు. ముందు చిగుళ్లు బాగుపడాలి.

మూడు వేళ్ల పరీక్ష

సూరత్‌లో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది వక్క, పొగాకు నమిలే అలవాటు గురించి. గుజరాత్ ప్రభుత్వం 2012లో గుట్కాను నిషేధించింది. మావా మాత్రం పోలేదు. వక్కపలుకులు, సున్నం, తంబాకు ప్లాస్టిక్ కాగితంలో వేసి అరచేతుల మధ్య రుద్ది ఇస్తారు. రాత్రి షిఫ్టులో కునుకు పట్టకుండా, ఆకలి తెలియకుండా దాన్ని బుగ్గన పెట్టుకునే అలవాటు ఊరి నుంచి వచ్చిన మన పిల్లలకూ అంటుతుంది. 2016-17లో జరిగిన పొగాకు సర్వే ప్రకారం అప్పటికి దేశంలో పెద్దల్లో 21.4 శాతం మంది పొగ రాని పొగాకు వాడేవారు.

తంబాకు లేకుండా ఒట్టి వక్క నమిలినా హాని హానే. వక్క క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. ఏళ్ల తరబడి నమిలితే బుగ్గ లోపలి పొర గట్టిపడి, పాలిపోయి, కారం తగిలితే మండుతుంది. మెల్లమెల్లగా నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. వైద్యులు దీన్ని సబ్ మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. క్యాన్సర్‌కు దారితీసే జబ్బుల్లో ఇదొకటి.

దీన్ని ఇంట్లోనే గుర్తుపట్టవచ్చు. అద్దం ముందు నిలబడి నోరు పూర్తిగా తెరిచి, మీ చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లను ఒకదానిమీద ఒకటిగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టండి. మూడు వేళ్లు సులువుగా పట్టాలి. రెండే పడితే ఇంప్లాంట్ సంగతి పక్కనపెట్టి, ముందు ఆ బుగ్గను డాక్టరుకు చూపించాలి. అంత చిన్నగా తెరుచుకునే నోట్లో దవడ పన్ను దాకా డ్రిల్ పట్టించడమే కష్టం. అంతకంటే ముఖ్యంగా, అక్కడ దాగి ఉన్న జబ్బు పన్ను కంటే పెద్దది. మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ రెండు వారాలకు మించి ఉంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం తాగనివాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. పొగ చిగుళ్లకు రక్తం అందకుండా చేస్తుంది. రక్తం అందని చోట ఎముక పెరగదు. కనీసం శస్త్రచికిత్సకు ఒక వారం ముందు నుంచి, అయ్యాక రెండు నెలల దాకా మానాలని డాక్టర్లు చెబుతారు. అన్నాళ్లు మానగలిగినవాళ్లు మళ్లీ మొదలుపెట్టకుండా ఉండటమే ఆ పన్నుకు దక్కే అసలు రక్షణ.

ఆ రోజు

భయపడినంత ఉండదు. చాలామందికి పన్ను పీకించుకోవడం కంటే ఇదే తేలికనిపిస్తుంది. ఆకలితో వెళ్లకూడదు. వేరే చెప్పకపోతే టిఫిన్ తిని, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు వేసుకుని వెళ్లాలి. పూర్తి మత్తు అవసరం ఉండదు, ఆ చోటే మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇస్తారు. చిగురు తెరిచి, ఎముకలో సన్నని డ్రిల్‌తో మొదలుపెట్టి మెల్లగా వెడల్పు చేస్తారు. అదురు తెలుస్తుంది, ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియకూడదు. తెలిస్తే చెయ్యెత్తి చెప్పాలి, ఓర్చుకోకూడదు.

డ్రిల్ తిరుగుతున్నంత సేపూ చల్లని సెలైన్ ధార పడుతూనే ఉంటుంది. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుందని స్వీడన్ పరిశోధకులు 1983లో తేల్చారు. అందుకే తొందరపడని చెయ్యి ఉన్న డాక్టరు కావాలి. ఆ తర్వాత టైటానియం స్క్రూను బిగించి, కుట్లు వేస్తారు.

మొదటి రోజు నోరు పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. గడ్డకట్టిన రక్తమే ఆ గాయానికి మూత. బుగ్గ మీద బయట నుంచి ఐసు పెట్టుకోవాలి. వాపు రెండో మూడో రోజు దాకా పెరిగి తర్వాత దిగుతుంది. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పు నీళ్లు మెల్లగా పట్టుకోవాలి. మెత్తని పెరుగన్నం, కిచిడీ, ఇడ్లీ, చల్లారిన పప్పన్నం సరిపోతాయి. సూరత్ లోచో తినాలనిపిస్తే పైన చల్లే సేవ్, పచ్చిమిర్చి లేకుండా తినవచ్చు. జొన్న రొట్టె, వేరుశెనగలు కొన్నాళ్లు పక్కన పెట్టాలి. కుట్లు వారం పది రోజుల్లో తీస్తారు.

బరువులెత్తే పనికీ రాత్రి షిఫ్టుకీ రెండు మూడు రోజులు సెలవు పెట్టుకోవడం మంచిది. మూడో రోజు తర్వాత నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, జ్వరం వస్తే, రక్తం ఆగకపోతే ఫోన్ చేయాలి. అన్నిటికంటే ముఖ్యం: మత్తు దిగాల్సిన వేళ దాటినా, ఆ రాత్రికి కూడా పెదవీ గడ్డమూ మొద్దుబారే ఉంటే తెల్లవారే దాకా చూడకుండా డాక్టరుకు చెప్పాలి. స్క్రూ నరాన్ని నొక్కుతుంటే మొదటి ఒకటి రెండు రోజుల్లో తీసేస్తేనే స్పర్శ తిరిగి వచ్చే ఆశ ఎక్కువ.

నొప్పి పోయాక వచ్చే గండం

ఇంప్లాంట్లో చాలామందికి ఎవరూ విడమరచి చెప్పని సంగతి ఒకటుంది. బిగించిన రోజు స్క్రూ గట్టిగా ఉంటుంది, ఎందుకంటే పాత ఎముక దాన్ని నొక్కి పట్టుకుంటుంది. తర్వాత శరీరం ఆ నలిగిన పాత ఎముకను కరిగించి, కొత్త ఎముకను కట్టడం మొదలుపెడుతుంది. పాతది పోయి కొత్తది ఇంకా గట్టిపడని మూడో నాలుగో వారంలో పట్టు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. నాటిన వరి నారు వేరు పట్టకముందే లాగితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

కష్టమేమిటంటే, ఆ మూడో వారానికి నొప్పి ఉండదు, వాపు ఉండదు, కుట్లు పోయి ఉంటాయి. అంతా మానిపోయిందనిపిస్తుంది. అప్పుడే మనిషి మళ్లీ ఆ పక్కన నములుతాడు, మళ్లీ మావా పొట్లం విప్పుతాడు. ఇంప్లాంట్ మిల్లీమీటరులో పదో వంతు కంటే ఎక్కువ కదులుతూ ఉంటే చుట్టూ ఎముక పెరగడానికి బదులు మెత్తని పొర పెరుగుతుంది. ఆ పొర వచ్చిన ఇంప్లాంట్ నిలవదు, తీసేయాల్సిందే. కింది దవడలో ఎముక గట్టిది కాబట్టి సుమారు మూడు నెలలు, పై దవడలో మెత్తనిది కాబట్టి నాలుగు నుంచి ఆరు నెలలు ఆగమంటారు. ఎముక పొడి వేసినవాళ్లకు ఇంకా ఎక్కువ పట్టవచ్చు.

‘మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్లు’ అనే ప్రకటనలు చూస్తాం. ఎముక దండిగా ఉండి, స్క్రూ మొదటి రోజే గట్టి పట్టు ఇచ్చినప్పుడు, నాలుగైదు ఇంప్లాంట్లను ఒకదానికొకటి కలిపి కట్టినప్పుడు వెంటనే పళ్లు పెట్టే పద్ధతి ఉంది, అది నిజమే. అది అందరికీ వర్తించదు. మీ స్కాన్ చూపించి, ‘నాకెందుకు వర్తిస్తుంది?’ అని అడిగితే డాక్టరు దగ్గర జవాబు ఉండాలి.

గడువు తీరాక స్క్రూ మీద చిన్న మూత పెట్టి చిగురును దాని చుట్టూ సర్దుకోనిస్తారు. ఒకటి రెండు వారాల తర్వాత అచ్చు తీసి ల్యాబుకు పంపుతారు. అక్కడ చేసిన క్యాప్‌ను అబట్‌మెంట్ అనే మధ్య ముక్క మీద బిగిస్తారు. సహజమైన పన్నుకూ ఎముకకూ మధ్య మెత్త లాంటి పొర ఉంటుంది, గట్టిది కొరికితే అదే హెచ్చరిస్తుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. అందుకే కాటు ఎక్కువ తగలకుండా సరిచేయించుకోవాలి. నిద్రలో పళ్లు నూరేవాళ్లు రాత్రిపూట గార్డు పెట్టుకోవాలి. ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు, చుట్టూ ఉన్న చిగురుకూ ఎముకకూ మాత్రం జబ్బు వస్తుంది, అదీ నొప్పి లేకుండా వస్తుంది. రోజూ సందుల్లో చిన్న బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి.

పండగ చూసి తేదీ పెట్టాలి

సూరత్ తెలుగువాళ్లకు రెండు ఇళ్లుంటాయి. ఒకటి ఇక్కడ, ఒకటి ఊళ్లో. దసరాకో, పెళ్లికో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ దిగుతారు. స్క్రూ సూరత్‌లో, కుట్లు తీయించడం హనుమకొండలో, క్యాప్ మళ్లీ ఎక్కడో అంటే కుదరదు. ఒక్కో కంపెనీ స్క్రూకు దాని విడిభాగాలే సరిపోతాయి.

దీపావళికి బట్టల మార్కెట్ మూతపడుతుంది, సాంచాలు ఆగుతాయి, చాలామంది ఊరికి వెళ్లి వస్తారు. వెళ్లే ముందు రోజు ఇంప్లాంట్ పెట్టించుకోవడం మంచిది కాదు. సెలవుల నుంచి తిరిగి వచ్చాక పెట్టించుకుంటే ఆ గండపు వారాలన్నీ డాక్టరుకు దగ్గర్లోనే గడుస్తాయి. కింది దవడ పన్నయితే ఎండాకాలం పెళ్లిళ్లలోపే క్యాప్ వచ్చేస్తుంది. ఊళ్లోనే చేయించుకోవాలనుకుంటే అన్ని దశలూ ఊళ్లోనే పూర్తయ్యేలా రాకపోకలు ముందే కుదుర్చుకోవాలి.

డబ్బు, కాగితం

ఒక పన్నుకు సుమారు పాతిక వేల నుంచి యాభై వేలు, ఇంకా పైన కూడా చెబుతారు. కంపెనీని బట్టి, క్యాప్ రకాన్ని బట్టి, ఎముక పొడి అవసరాన్ని బట్టి మారుతుంది. మామూలు ఆరోగ్య బీమాలు ప్రమాదంలో పళ్లు పోతే తప్ప దీనికి సాధారణంగా డబ్బు ఇవ్వవు. స్తోమత లేనివాళ్లు దంత వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో ముందు విచారించాలి. అహ్మదాబాద్‌లో, హైదరాబాద్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. అధ్యాపకుల పర్యవేక్షణలో పీజీ డాక్టర్లు చేసే చోట ఖర్చు తగ్గుతుంది, తిరగాల్సిన సార్లు మాత్రం పెరుగుతాయి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి:

• చెప్పిన ధరలో స్క్రూ, అబట్‌మెంట్, క్యాప్ మూడూ ఉన్నాయా, స్కాన్, ఎముక పొడి వేరా?
• ఏ కంపెనీ, ఏ సైజు? డబ్బా మీది స్టిక్కరు, బ్యాచ్ నంబరు నా కార్డు మీద అంటించి ఇస్తారా?
• ఎముకలో కలవకపోతే మళ్లీ పెట్టడానికి ఎంత తీసుకుంటారు? ఆ మాట కాగితం మీద రాస్తారా?
• శస్త్రచికిత్స చేసేది మీరేనా, బయట నుంచి వేరే డాక్టరు వస్తారా? తర్వాత ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?
• రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?

ఈ ప్రశ్నలు అడిగితే మంచి డాక్టరు కోపం తెచ్చుకోరు. భాష అడ్డమైతే గుజరాతీ బాగా వచ్చిన ఇంటి పిల్లలను వెంట తీసుకెళ్లాలి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకూడదు.

అమ్మకు, నాన్నకు

పళ్లన్నీ పోయి, కింది సెట్టు నిలవక, మాట్లాడితే జారిపోతోందని జేబులో పెట్టుకుని తిరిగే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. వాళ్లకు నోటి నిండా ఇంప్లాంట్లు అక్కరలేదు. కింది దవడ ముందు భాగంలో రెండు పెట్టి, సెట్టు వాటికి బొత్తాం పడ్డట్టు బిగిసేలా చేస్తే నమలగలుగుతారు. కింది పళ్లన్నీ పోయినవాళ్లకు మొదటి ఎంపికగా ఇవ్వాల్సిన వైద్యం ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు అభిప్రాయపడ్డారు. ఆ ముందు భాగంలో ఎముక ఎక్కువ కాలం మిగిలి ఉంటుంది, నరం కూడా అడ్డం రాదు. ఒక ఇంట్లో ఇంప్లాంట్ కోసం కూడబెట్టిన డబ్బు ఒక్కరికే సరిపోయేటట్టుంటే, మొదటి వంతు మెత్తనన్నం తప్ప తినలేని ఆ పెద్దవాళ్లకు ఇవ్వాలి. చిక్కుడు గింజ, జొన్న రొట్టె, కూర ముక్క మళ్లీ తినగలిగితే వాళ్ల ఒంటికి వచ్చే బలం ఏ టానిక్కూ ఇవ్వలేదు.

ఇంప్లాంట్ బాగా పని చేసే వైద్యం. దాన్ని కొనగలిగినంత మాత్రాన అది మనదైపోదు. ధర అడగడానికి క్లినిక్ మెట్లెక్కే ముందు మూడు పనులు చేయండి. అద్దం ముందు మూడు వేళ్ల పరీక్ష చేసుకోండి. హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. మావా, బీడీ ఇవాళే ఆపి, ఒక నెల ఆగి చూడండి. ఈ మూడూ దాటినవారు ధైర్యంగా ఆ మెట్లెక్కవచ్చు. దాటలేనివారికి ముందు కావాల్సిన వైద్యమేదో ఆ మూడే చెప్పేస్తాయి.